పేరు పిలవని పోగు

ఓంకార్ తన సెల్లును ముక్కు దగ్గరికి తెచ్చి చూపిస్తే, అందులో ఉన్న మనిషి తానేనని పోల్చుకోవడానికి ఎల్లస్వామికి కాసేపు పట్టింది. పనిలో ఉన్నప్పుడు తన ముఖం ఎట్లా ఉంటుందో ఏ మనిషి చూసుకున్నాడు గనుక. వేపకొమ్మకు వెనక కాళ్ళతో వేలాడుతున్న యాట, చీల్చిన దాని పొట్ట, అందులోకి మోచేతి దాకా దిగిన తన చెయ్యి, పళ్ళ మధ్య కరిచిపట్టిన కత్తి, కాళ్ళ దగ్గర నాలుగు కుక్కలు. బొమ్మ కింద ఇంగ్లీషులో నాలుగు వరుసలు.

"చదువుతా ఇను," అన్నాడు ఓంకార్. "ఇల్లు మంచిగున్నదట. పడకలు మంచిగున్నయట. పొద్దున లేసి గేటు దీస్తే నరకం కనవడ్డదట. పిల్లలు జడుసుకొని అన్నం ముట్టలేదట. ఐదు చుక్కలియ్యాల్సిన కాడ ఒక్కటిచ్చిండు. ఆ నరకంల యముడెవరో ఎర్కైందా, ఎల్లన్నా?"

ఎల్లస్వామి నవ్వబోయాడు. ఓంకార్ నవ్వకపోయేసరికి మానుకున్నాడు.

ఖిలా వరంగల్‌లో రాతి తోరణాలకు పోయే బాట పక్క సందులో ఓంకార్ తాత కట్టిన పెంకుటిల్లు అది. ఓంకార్ హన్మకొండలో ప్లాట్లు అమ్మి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాక, ఆ ఇంట్లో ఏసీలు, తెల్లటి పరుపులు పెట్టించి, 'కోటగుమ్మం' అని బోర్డు తగిలించి, తోరణాలు చూడవచ్చేవాళ్ళకు రోజుల లెక్కన కిరాయికి ఇస్తున్నాడు. బోర్డు పడకముందు ఎల్లస్వామి అతన్ని పేరు పెట్టి పిలిచేవాడు. ఇప్పుడు సార్ అంటున్నాడు. ఎవరూ అనమనలేదు. కూలి ఇచ్చేవాడి పేరు నోట్లో నిలవదు, అంతే.

కూలికి ఎల్లస్వామి చేసేది గోడలకు సున్నాలు, రంగులు. కానీ వాడకు అతను రంగుల ఎల్లయ్య కాదు, యాటను కోసే ఎల్లయ్య. ప్రతి ఐతారం పదహారు ఇళ్ళవాళ్ళు కలిసి ఒక యాటను, మేకపోతునో పొట్టేలునో, తెస్తారు. ఓంకార్ గేటుకు ఎదురుగా, వేపచెట్టు కింద, ఎల్లస్వామి దాన్ని కోసి మోదుగాకుల మీద పదహారు పోగులు పెడతాడు. తొడ, పక్కటెముక, కార్జం, బోటి, ఆఖరికి నల్ల అనే గడ్డకట్టిన నెత్తురు కూడా ఏ పోగులోనూ తక్కువ కాకూడదు. తక్కెడ ఉండదు. చెయ్యే తక్కెడ. పోగులు పెట్టాక ఒకడు వాటికి వీపు తిప్పి నిలబడతాడు. ఎల్లస్వామి కత్తి మొనతో ఒకదాన్ని చూపి "గిదెవ్వలిది?" అంటాడు. వీపు తిప్పినవాడు నోటికొచ్చిన పేరు పిలుస్తాడు. ఆ పేరుగలవాళ్ళది ఆ పోగు. ఇరవై రెండేళ్ళలో తన పోగు చిన్నదయిందని అన్నవాడు లేడు. మూడో తరగతిలో పలక పారేసి వచ్చిన ఎల్లస్వామికి ఈ లోకంలో ఉన్న పరువంతా అదే. వాడంతా తన చెయ్యి కోసిన కూర తింటుంది.

పదహారు కాక పదిహేడోది ఒకటుంటుంది. దానికి పేరు పిలవరు. పెనిమిటి పోయి, కొడుకు పోయి, యాటలో కలవడానికి చేతిలో ఏమీ లేని బక్కమ్మది అది. ఎల్లస్వామి దాన్ని వేప మొదట్లోని నల్లబండ మీద ఆకులో పెట్టి, అటు చూడకుండా కత్తి కడుక్కుంటాడు. అందరూ కదిలాక ముసల్ది వచ్చి ఆకుతో సహా ఎత్తుకుపోతుంది. చేతికిస్తే అది బిచ్చం. బండ మీది నుంచి తీసుకుంటే వాటా. ఈ తేడా గురించి ఆ వాడలో ఎవరూ ఎన్నడూ నోరు విప్పింది లేదు.

ఐతారం పొద్దున బెంగుళూరు నుంచి ఒక కుటుంబం దిగుతుందని ఓంకార్ చెప్పాడు. ఆ ఇల్లాలు తాను దిగిన ఇళ్ళను వీడియో తీసి లక్షమందికి చూపెడుతుందట. కారు దిగి గేటు దాకా ఆమె నడిచే ఆ ఇరవై అడుగుల మీదే తన బతుకు ఉందట. ముందరి గోడకు జేగురు రంగు, దాని మీద తెల్ల చారలు. మురుగు మోరీ మీద షాబాదు బండలు. గేటుకు రెండు పక్కలా పూలకుండీలు, లాంతర్లు. వేపకొమ్మ తీసెయ్యాలి. యాట అక్కడ తెగకూడదు. కుక్కలు కనపడకూడదు.

"గీ ఫొటో వట్టుకొని మున్సిపాల్టీకి వోతే ఏమైతదో తెలుసా? ఈ కోటల యాడ గుడ పోగులుండయి. మనోళ్ళని ఊకున్న. నా ముందట సాఫ్ జెయ్యి, మీ యాట రాతికోట ఎన్క కోస్కోండ్లి. నేను నోరు దెరువ."

ఆ మాట సూటిగా తగిలింది. ఈ గోడ కాకపోతే ఇంకో గోడకు రంగు వేసుకోవచ్చు. పోగులు పోతే ఎల్లస్వామి అనే మనిషి మిగలడు.

"కుక్కలను ఏం జేయాలె సార్?"

"నాకు జెప్పి జేస్తవా?" అన్నాడు ఓంకార్ సెల్లు జేబులో వేసుకుంటూ. "ఉండొద్దంతే."

ఆ మధ్యాహ్నమే ఎల్లస్వామి రంపం పట్టుకొని వేప ఎక్కాడు. ఇరవై రెండేళ్ళ తాడు రాపిడికి కొమ్మ చుట్టూ ఒక గాడి పడి, కొమ్ముతో చేసిన కడియంలా నున్నగా మెరుస్తున్నది. దాని పక్కనే రంపం ఆనించాడు. పచ్చి పొట్టు కళ్ళల్లో పడుతున్నది. కింద తన గుడిసె ముందు కూచుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్న బక్కమ్మ తలెత్తింది.

"కొమ్మ నిన్నేం జేసిందిరా ఎల్లిగా?"

"సార్ జెప్పిండు పెద్దమ్మా."

"రేపు నీ చెయ్యి మంచిగ లేదంటడు. అది గుడ కోసిస్తవా?"

అతను రంపం ఇంకా జోరుగా లాగాడు. కొమ్మ తెగి పడేటప్పుడు కింది కొమ్మలను కూడా చీల్చుకుంటూ పడింది. చెట్టు పక్కలో తెల్లటి పుండు తేలింది. ఓంకార్ గేటు దగ్గర నిలబడి ఒక కన్ను మూసి చూసి, ఇప్పుడు ఇల్లు బాట మీది నుంచే కనపడుతుందని సంతోషపడ్డాడు.

*

శుక్రవారం ఎల్లస్వామి గోడకు రెండో పూత వేస్తుండగా గోపాల్ ఆటో వచ్చి ఆగింది. గోపాల్ ముప్పై ఏళ్ళవాడు. నాలుగు కుక్కల్లో నల్లది అతనిది. నల్లోడా అని పిలుస్తాడు, ఆటో వెనక సీట్లో కూచోబెట్టుకొని తిప్పుతాడు. ఆటో దిగి చెట్టును చూశాడు. తర్వాత గోడను చూశాడు. చివరికి ఎల్లస్వామిని చూశాడు.

ఎల్లస్వామి రోలరు ఆపకుండానే సంగతి చెప్పాడు. యాటను ఈ వారం శనివారమే కోద్దామన్నాడు, రాతికోట వెనక. ఇట్లా చేస్తేనే పోగులు నిలుస్తాయన్నాడు. తాను వాడ కోసమే ఒప్పుకున్నానన్నాడు. చెబుతుంటే తనకే ఆ మాటలు ఓంకార్ మాటల్లా వినిపించాయి.

"గోడకు రంగెయ్యమంటే నీ మొకానికి ఏస్కున్నవేందే అన్నా?" అన్నాడు గోపాల్. "మా అయ్య సచ్చిన్నాడు గుడ గీడనే కోసినవ్ యాటను. ఇయ్యాల గా బొగడబంతి కుండీల కోసం మేం ముళ్ళకంపలకు వోవాల్నా? ఆని ఎంగిలి నీకు గంత తీపైందా?"

ఎల్లస్వామి చేతిలో రోలరు కర్ర ఉంది. అది ఎప్పుడు లేచిందో, గోపాల్ చెవి మీద ఎప్పుడు పడిందో అతనికి తెలియలేదు. చెవి నుంచి మెడ మీదికి జేగురు రంగు కారింది. దాని వెంట అసలు ఎరుపు కూడా కారింది. గోపాల్ ఒక్క అడుగు వెనక్కి వేసి, తలవంచి పొట్టేలులా వచ్చి గుద్దాడు. ఎల్లస్వామి ముందరి పన్ను విరిగి పెదవిలో గుచ్చుకుంది. ఇద్దరూ రంగు డబ్బా మీద పడ్డారు. గోపాల్ అతని కుడిచేతి మణికట్టును మోకాలి కింద వేసి తొక్కుతూ, పిడికిలితో ముఖం మీద గుద్దుతున్నాడు. ఎల్లస్వామి నోట్లోని నెత్తురంతా అతని ముఖం మీద ఉమ్మాడు. ఆడవాళ్ళు వచ్చి ఇద్దరినీ విడదీశారు.

ఓంకార్ గేటు లోపల నిలబడే అంతా చూశాడు.

"గోడకు నెత్తురంటకుంట సూస్కోండ్లి," అన్నాడు. "మళ్ళ పూత ఎయ్యాల్సొస్తది."

సాయంత్రం ఎల్లస్వామి భార్య సమ్మమ్మ పదహారు ఇళ్ళకూ తిరిగింది. మొగుడి మీద వాళ్ళు వేసిన మాటలన్నీ తలవంచుకొని విని, శనివారానికి అందరినీ ఒప్పించి వచ్చింది. వచ్చి, మొగుడి పెదవికి పసుపు అద్దుతూ, ఇంతమంది చేత తిట్లు తినడం తనకు కొత్త అని మాత్రం చెప్పింది.

*

రాతికోట వెనక వేప లేదు. తుమ్మ ఉంది. శనివారం పొద్దున్నే యాటను దానికి కట్టారు. ఎల్లస్వామి మణికట్టు వాచి, కత్తి పిడి చుట్టూ వేళ్ళు సరిగ్గా మూసుకోవడం లేదు. ఎప్పుడూ ఒక్క కోతకు తెగే గొంతు ఆరోజు సగం తెగింది. యాట తెగిన గొంతుతోనే లేచింది. పట్టుకున్నవాళ్ళను ఈడ్చుకుంటూ, పీపీ ఊదినట్టు గాలి కక్కుతూ, నాలుగు అడుగులు పోయి బండకు గుద్దుకుంది. ఎల్లస్వామి దాని మీద పడి రెండోసారి కోశాడు. మూడోసారీ కోశాడు. అతని అంగీ తడిసి ఒంటికి అంటుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. తిట్టినా బాగుండేది.

పోగులు పెడుతున్నంతసేపూ ఇంత దూరం నడిపించాడని గొణుగుడు. ముళ్ళు గుచ్చుకున్నాయని గొణుగుడు. గోపాల్ చెవికి కట్టు కట్టుకొని వీపు తిప్పి నిలబడ్డాడు. పేర్లను ఉమ్మినట్టు పిలిచాడు. పదహారు పేర్లు అయ్యాయి, పదహారు పోగులూ లేచాయి. కత్తి కడుక్కుంటున్నప్పుడు కూడా, మిగిలిన ఖాళీ ఆకులు చూసినప్పుడు కూడా ఎల్లస్వామికి పదిహేడోది గుర్తు రాలేదు. మోకాళ్ళు పట్టేసిన బక్కమ్మ అంత దూరం రాలేదు. కంటికి కనపడలేదు. చెయ్యి మరిచిపోయింది.

అతని బుర్ర నిండా కుక్కలే ఉన్నాయి. కొవ్వు, తోలు ముక్కలు, బోటి కొసలు ఒక కవరులో వేసుకొని ఇంటికి వచ్చాడు. నెక్కొండలో బామ్మర్ది పొలం నుంచి చెదలకని ఎప్పుడో తెచ్చిన గుళికల మందు అటక మీద ఉంది. పెరట్లో ఒక పగిలిన కుండపెంకులో కలిపాడు. కుక్కలు వాసన పట్టి వదిలేస్తాయేమోనని తన పోగు నుంచి నాలుగు మంచి ముక్కలు తీసి వాటి పైన వేశాడు. ఏం కలుపుతున్నావని సమ్మమ్మ అడిగింది. గోడ పుట్టీ అన్నాడు.

మధ్యాహ్నం వాడ కూర తిని కునుకు తీస్తున్న వేళ, అతను దాన్ని మూడు చోట్ల పెట్టాడు. మోరీ గట్టున కొంత, ఇసుక కుప్ప వెనక కొంత, కుక్కలు ఎప్పుడూ పడుకునే నల్లబండ మీద కొంత. గబగబా విసిరేసి పోవలసిన పని. కానీ మూడు చోట్లా ముందు మోదుగాకు పరిచాడు, మూడు చోట్లా ముక్కలను మధ్యకు చేర్చాడు, మంచి ముక్కలు పైకి వచ్చేట్టు సర్దాడు. మాంసాన్ని ఆకు లేకుండా నేల మీద పెట్టడం ఆ చేతికి తెలియదు. తానేం చేశాడో అతని కళ్ళు చూడలేదు. అవి వాడ ఆ కొస నుంచి ఈ కొసకు మనుషుల కోసం చూస్తున్నాయి.

తర్వాత పోయి, గోడకు తెల్ల చారలు దిద్దుతూ నిలబడ్డాడు.

మొదట గోధుమరంగు కుక్క పడింది. అది మోరీలో పడి, లేవబోయి, మళ్ళీ పడింది. రెండోది ఇసుకలో గుండ్రంగా తిరిగి తిరిగి తన తోకనే కొరుక్కుంది. నల్లోడు చాలాసేపు చావలేదు. కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి, నురగ కక్కుతూ, ప్రాకుతూ గేటు దాకా వచ్చి, కొత్తగా రంగు వేసిన ఇనుప చువ్వను నోట కరిచింది. పళ్ళు ఇనుము మీద గీరుకుంటున్న చప్పుడు ఎల్లస్వామికి పక్కనే వినిపిస్తున్నది. అయినా చార వంకర పోకుండా దిద్దాడు. ఆ చార పూర్తయ్యేసరికి చప్పుడు ఆగింది. నాలుగోది ఆ చావులు చూసి ఎటో పారిపోయింది.

మూడింటినీ సంచుల్లో వేసి, సైకిలు మీద పెట్టుకొని పోయి, కోట కందకంలో పడేసి వచ్చాడు. నల్లోడి పళ్ళ మధ్య నుంచి చువ్వను విడిపించడానికి దవడలో బ్రష్షు పిడి దూర్చి తిప్పవలసి వచ్చింది. తిరిగివచ్చి, మిగిలింది ఎవరి కోళ్ళైనా తింటాయేమోనని ఆకులు ఎత్తడానికి పోయాడు. మోరీ గట్టున ఆకు ఉంది, నాకినట్టు శుభ్రంగా. ఇసుక వెనక ఆకు ఉంది, చిరిగి. బండ మీద ఆకు లేదు. మాంసమూ లేదు.

ఎల్లస్వామి బండ చుట్టూ తిరిగాడు. కిందికి వంగి చూశాడు. కుక్క మాంసం తింటుంది, ఆకును ఇంటికి పట్టుకుపోదు.

అప్పుడు, పొద్దున తాను ఎన్ని పోగులు పెట్టాడో అతనికి లెక్క వచ్చింది.

*

ఇరవై అడుగులే. బక్కమ్మ గుడిసె దాకా తాను అరుస్తూనే పోయాననుకున్నాడు. ఎవరూ వినలేదని తర్వాత తెలిసింది. లోపల అల్లం వెల్లుల్లి వాసన, కట్టెల పొగ. మూడు రాళ్ళ పొయ్యి మీద కూర తుకతుకలాడుతోంది. బక్కమ్మ గరిటె నుంచి రెండు చుక్కల పులుసు అరచేతిలో వేసుకొని, ఉప్పు చూడటానికి ఊదుకుంటూ నోటి దాకా తెచ్చింది.

అతను ఆ చేతిని కొట్టాడు. అదే ఊపులో కాలెత్తి కుండను తన్నాడు. కుండ పగిలింది. మరుగుతున్న పులుసంతా ఆమె ఎడమ పాదం మీద, పిక్క మీద పడింది. తోలు అక్కడికక్కడే తెల్లబడి ముడుచుకుపోయింది. ముసల్ది వేసిన కేక వాడంతా వినిపించింది.

అవి ఎవరి నోటికీ పోకూడదన్న ఒక్కటే అతనికి తోచింది. మోకాళ్ళ మీద పడి, బూడిదలో, మట్టిలో పడ్డ ముక్కలను రెండు చేతులతో ఊడ్చి దగ్గరికి లాగుతున్నాడు. వేడికి వేళ్ళు కాలుతున్నాయి.

వచ్చినవాళ్ళు చూసింది ఇదీ: పగిలిన కుండ, కాలు పట్టుకొని దొర్లుతున్న ముసలమ్మ, ఆమె కూర ముక్కలు ఏరుకుంటున్న ఎల్లస్వామి.

"దిక్కులేని దానికి పోగు బెట్టకపాయె," అన్నాడు గోపాల్. అతని చేతిలో ఆటో జాకీ రాడ్డు ఉంది. "యాడనో తెచ్చుకొని వండుకుంటే అది గుడ తన్నినవార?"

మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది భుజం మీద, లోపల ఏదో చిటుక్కుమంది. తర్వాత దెబ్బలు ఎన్నో, ఎవరివో. ఆడవాళ్ళు చెప్పులతో కొట్టారు. పొద్దున తన చేతి పోగు తీసుకున్న చేతులన్నీ వచ్చి పడుతున్నాయి. ఎల్లస్వామి చెయ్యి అడ్డం పెట్టలేదు. దెబ్బ పడినప్పుడల్లా ముందుకు పాకి ఆ చెదిరిన మాంసం మీద బోర్లా పడుకున్నాడు. లాగితే మళ్ళీ పోయి పడుకున్నాడు. కూర మీద ఇంత ఆశేందిరా అని ఎవరో కాలితో తల మీద తన్నారు. సమ్మమ్మ అందరి కాళ్ళకూ అడ్డం పడుతూ ఏడుస్తోంది. ఏమైందో చెప్పమని మొగుణ్ణి బతిమాలుతోంది.

అతని మోచేతి పక్క నుంచి బక్కమ్మ కోడిపెట్ట ఒక ముక్క లాక్కుపోయింది. అతను చెయ్యి చాచాడు, అందలేదు. విరిగిన పంటి సందు నుంచి "కోడి, కోడి" అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు.

కోడి వాకిట్లో రెండుసార్లు ముక్కును నేలకు రాసుకుంది. ఒక రెక్క జారవిడిచింది. మెడను ఎవరో పిండుతున్నట్టు మెలి తిప్పుకుంటూ గుండ్రంగా తిరిగి, వెల్లకిలా పడి, కాళ్ళు చాపింది. ముందు సమ్మమ్మ చూసింది. ఆమె ఏడుపు ఆగిపోయింది. ఆ ఆగడానికి మిగతావాళ్ళు తలతిప్పారు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.

గోపాల్ రాడ్డు దించి అడిగాడు. గొంతు మెల్లగా ఉంది.

"మా నల్లోడేడి?"

"కందకంల ఉన్నడు," అన్నాడు ఎల్లస్వామి మట్టిలో నుంచే.

ఎవరు పెట్టించారని ఎవరూ అడగలేదు. గుడిసె గుమ్మంలో నుంచి చూస్తే ఆ గోడ కనపడుతోంది. తెల్ల చారలు ఇంకా తడి ఆరలేదు. గోపాల్ రాడ్డు పట్టుకొని బయటికి నడిచాడు. వాడంతా అతని వెనక నడిచింది. కుండీలు పగిలిన చప్పుడు, లాంతర్లు పగిలిన చప్పుడు, ఇనుప గేటు మీద రాడ్డు దెబ్బలు వరసగా వినిపించాయి. షాబాదు బండలు లేపి మోరీలో నిలువునా వేశారు. మోరీలోని బురదను తట్టలతో తోడి జేగురు గోడ మీద కొట్టారు. ఓంకార్ లోపల తలుపులు బిగించుకొని ఫోన్లు చేశాడు. అరగంటలో జీపు వచ్చి గోపాల్‌ను, ఇంకో ఇద్దరిని ఎక్కించుకుపోయింది. పగిలిన కుండీలకు ఫొటోలు ఉన్నాయి. కందకంలో ఉన్నవాటికి ఫొటోలు లేవు.

ఎల్లస్వామి విరిగిన భుజంతోనే బక్కమ్మను వీపు మీద వేసుకొని బాట దాకా మోశాడు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

*

దవాఖానలో కట్టు కడుతున్న నర్సు కాలు ఎట్లా కాలిందని అడిగింది. బక్కమ్మ జారిపడ్డానని చెప్పింది. "కాదు మేడం, నేను..." అని ఎల్లస్వామి మొదలుపెడితే, ముసల్ది అతని కాలిన వేళ్ళను పట్టుకొని గట్టిగా నొక్కింది. నొప్పికి అతని మాట తెగిపోయింది.

నర్సు పోయాక ఆమె పైకప్పు వైపు చూస్తూ పడుకుంది.

"నువ్వు యాదికుంచుకొని తెచ్చి పెట్టినవనుకున్నరా," అంది. "నడువలేదు గదా ముసల్ది, ఎల్లిగాడు మరువలే అనుకున్న. ఆకేసి మరీ పెడ్తివి. ఆకేసి ఎవడన్న ఇషం పెడ్తడారా?"

ఎల్లస్వామి నేల మీద కూచుని ఉన్నాడు. తాను అంతా చెప్పేస్తానన్నాడు. పోలీసులకు కూడా చెబుతానన్నాడు, ఓంకార్ పేరు చెబుతానన్నాడు, తనను లోపల వేసినా సరేనన్నాడు.

"చెప్పు. గోపాల్‌ను ఇడిపియ్యనీకె చెప్పు. నా ముచ్చట మాత్రం చెప్పకు. నిన్ను జైల్ల ఏస్తే నీకు మూడు పూటలు ఆళ్ళే పెడ్తరు. నాకెవడు పెడ్తడు? ఈ కాలు మానేదాక నువ్వే వండుకొచ్చి పెట్టాలె. నీ పెండ్లాం కాదు, నువ్వు. నా ముందట నువ్వు తిన్నంక నేను తింట."

ఎల్లస్వామి ఆ రాత్రే పోలీసులకు కుక్కల సంగతి చెప్పి, చెప్పిన చోట వేలిముద్ర వేశాడు. ఓంకార్ పేరు కూడా చెప్పాడు. ఎవరైనా ఆ మాట విన్నారా అని అడిగారు. లేదన్నాడు. రాసుకున్నది రాసుకున్నారు, మానింది మానారు.

ఐతారం తెల్లారింది. ఇక ఏ ఐతారమూ తన చేతికి వాడ కత్తి ఇవ్వదని అతనికి తెలుసు. తెల్లారకముందే ఇద్దరు కొత్త కత్తి గురించి, దానికి కొత్త మనిషి గురించి మాట్లాడుకుంటూ అతని వాకిలి ముందు నుంచే పోయారు. అతను ఎడమచేత్తో కందిపప్పు కడిగాడు. సమ్మమ్మ సాయం రాబోతే వద్దన్నాడు. పొయ్యి ఊదుతుంటే పక్కటెముకలు పొడిచాయి.

పళ్ళెం మీద పళ్ళెం బోర్లించి పట్టుకొని నడిచాడు. ఓంకార్ బురద గోడ ముందు చీపురు పట్టుకొని నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేని కళ్ళు. వచ్చేవాళ్ళు హైదరాబాదు దాటారని, రోలరు పట్టుకుంటే గంటలో ముందరి వైపు అయినా కప్పేయొచ్చని, జరిగిందేదో జరిగిందని, తనవంతు తాను చూసుకుంటానని అన్నాడు. అంటూ వెంట నడిచాడు. ఎల్లస్వామి పళ్ళెం ఒలకకుండా చూసుకుంటూ నడిచాడు. గుడిసె దగ్గర ఓంకార్ ఆగిపోయాడు.

రాత్రే దవాఖాన నుంచి ఇంటికి చేరిన బక్కమ్మ కట్టు కాలు చాపుకొని గుమ్మంలో కూచుని ఉంది. కంచె వెంట ఏడెనిమిది మంది నిలబడ్డారు. ఎల్లస్వామి ఆమె ముందు పళ్ళెం పెట్టి, పైది తీశాడు. అన్నం పక్కన పప్పు, ఒక మిరపకాయ. ఆమె పళ్ళాన్ని అతని వైపు తోసింది.

అతను కలుపుకొని ఒక ముద్ద తిన్నాడు. కారం విరిగిన పన్ను దగ్గర మండింది.

"ఇంకోటి."

తిన్నాడు.

"అటు దిక్కు తినకు. నడిమిట్లకెళ్ళి తిను."

మధ్యలో నుంచి తిన్నాడు. ఆమె అతని నోటిని చూడటం లేదు, కళ్ళను చూస్తోంది. నాలుగు ముద్దలయ్యాక చాలంది. కానీ పళ్ళెం తీసుకోలేదు. అట్లాగే కూచున్నారు. అన్నం మీద ఆవిరి పోయింది. రెండు ఈగలు వచ్చి వాలాయి, ఆమె తోలలేదు, అవి లేచి ఎగిరేదాకా చూసింది. బాట మీద ఒక కారు ఆగి, కాసేపు ఆగినట్టే ఉండి, వెనక్కి తిప్పుకొని పోయిన చప్పుడు వినిపించింది. ఓంకార్ దాని వెనక పరిగెత్తాడు. అటు ఎవరూ తిరిగి చూడలేదు.

ఎండ గుమ్మం లోపలికి వచ్చాక బక్కమ్మ పళ్ళెం తన ఒళ్ళోకి లాక్కుంది. ముద్ద చేసింది. చేసిన ముద్దను విప్పి మళ్ళీ చేసింది. కళ్ళు మూసుకొని నోట్లో పెట్టుకుంది. దాన్ని మింగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"ఉప్పు తక్కువైందిరా," అంది. "మాపటికి సరిగ్గ ఎయ్యి."